మాత్రల లెక్క

ఈ శీర్షికన ఇంతవరకు మేము వంటగ్యాసు గొట్టాల గురించి, క్వార్టర్లలోని ఎర్తింగు గురించి, స్కూటరు వెనుక కూర్చునేవారి హెల్మెట్టు గురించి వ్రాశాము. అవన్నీ మా వృత్తికి దగ్గరి విషయాలు. ఈ నెల వ్రాయబోయేది మా ఇంటికి దగ్గరి విషయము. మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. అతని అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాము.

2019 మార్చిలో అతను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు వ్రాస్తున్నాడు. అప్పటికి పదిహేడేళ్ళు నిండి కొన్ని నెలలు. గణితం పరీక్షకు ముందురాత్రి ఒంటిగంట దాటినా నిద్రపట్టక మాటిమాటికీ లేచి కూర్చుంటున్నాడు. మా అమ్మగారికి డాక్టరుగారు నిద్రకోసం వ్రాసిన 0.25 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలం మాత్రలు వంటగది ప్రక్క అలమారాలో ఉండేవి. ఒక మాత్రను మధ్యకు విరిచి సగం మేమే అతని చేతిలో పెట్టాము. "నాయనమ్మ రోజూ వేసుకుంటుంది, ఏమీ కాదు, పడుకో" అన్నాము. పడుకున్నాడు. పరీక్ష బాగానే వ్రాశాడు. ఆ సంగతి మేము మరచిపోయాము.

మూడు వారాల తరువాత, డిస్పెన్సరీ నుండి నెల మందులు తెచ్చుకోవడానికి మెడికల్ బుక్కు తీస్తూ మా శ్రీమతి, "ఏమండీ, అత్తయ్యగారి మాత్రలు ఆరు తగ్గాయి" అన్నది. స్టోర్సు లెక్కలలో ఇరవై ఏళ్ళు గడిపిన వారము కనుక ఆమె లెక్కే తప్పి ఉంటుందని మళ్ళీ లెక్కించమన్నాము. లెక్క తప్పలేదు. అబ్బాయిని పిలిచి అడిగితే దాచలేదు. రెండు తాను వేసుకున్నాడట. ఎంసెట్ దగ్గరపడుతున్నదని బెంగపడుతున్న స్నేహితునికి నాలుగు ఇచ్చాడట. "మందులు ఎవరికి పడితే వారికి ఇస్తారా? డాక్టరువా నువ్వు?" అని గద్దించాము. అతను తలవంచుకొనే, "మీరూ డాక్టరు కాదు కదా నాన్నా, నాకిచ్చారు" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు మా వద్ద సమాధానం లేదు. చట్టం ఏమంటుందో చదివిన తరువాత ఇంకా లేకుండాపోయింది.

మత్తుపదార్థాలకు వ్యతిరేకంగా ఏటా జూన్ 26న పాఠశాలలలో సభలు జరుగుతాయి. గోడమీద పుర్రె బొమ్మ, సూది బొమ్మ, గంజాయి ఆకు బొమ్మ అంటిస్తారు. పిల్లలు ప్రతిజ్ఞ చేసి ఇంటికి వస్తారు. నాయనమ్మ మాత్రల డబ్బా మాత్రం ఆ గోడమీద ఎక్కడా ఉండదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019 ఫిబ్రవరిలో వెలువడినది. పది నుండి డెబ్బై అయిదేళ్ళ వయసువారిలో వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్రల వంటి మందులు వాడుతున్నవారు సుమారు 1.18 కోట్లమంది అని అది లెక్కకట్టినది. ఇది చీకట్లో మూటలు కట్టుకొని వచ్చే సరుకు కాదు. శుభ్రమైన కర్మాగారంలో తయారై, అట్టమీద ధర ముద్రించుకొని, మన అలమారాలోకే వచ్చే సరుకు. పిల్లవాడు దానిని నమ్మటానికి కారణం కూడా అదే. ఇంట్లో పెద్దలు వేసుకునేది చెడ్డదని అతను ఎందుకు అనుకోవాలి?

ఈ మాత్ర చేసే పని మన యంత్రాల భాషలో చెప్పటం సులువు. మెదడుకు సహజంగానే ఒక బ్రేకు వ్యవస్థ ఉన్నది. ఆల్ప్రజోలం, డైజిపాం వంటివి ఆ బ్రేకును మరికొంచెం నొక్కుతాయి. ఆందోళన తగ్గి నిద్ర వస్తుంది. రోజూ నొక్కుతూపోతే మెదడు దానికి తగ్గట్టు తన వేగాన్ని పెంచుకొని సరిపెట్టుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా కాలు తీస్తే బండి అదుపు తప్పుతుంది. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన మన సహోద్యోగులకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడ కల్తీకల్లులో కలిపేది ఎక్కువగా ఈ ఆల్ప్రజోలమే. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు, వణుకులతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. తాగేవారిలో చాలామందికి తమకు అలవాటైనది కల్లు కాదనీ, మాత్ర అనీ తెలియనే తెలియదు. ఈ మాత్రకు మద్యం తోడైతే ఊపిరే మందగిస్తుంది. దగ్గుమందులోని కోడీను మరొక తరగతికి చెందినది. అది కాలేయంలో కొంతమేర మార్ఫిన్‌గా మారుతుంది. నొప్పులకు వ్రాసే ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చినది.

ఆ చట్టమే 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టము. అది గంజాయికి, హెరాయిన్‌కు సంబంధించినదని మేమూ అనుకునేవారము. అమ్మగారి మాత్రల అట్ట తిప్పి చూస్తే ఎర్ర అక్షరాలలో ఎన్.ఆర్.ఎక్స్. అన్న గుర్తు కనిపించింది. ఆ మందు ఈ చట్టం క్రిందికి వస్తుందని దాని అర్థము. 2014 మార్చి 1 నుండి ఇటువంటి మందులను హెచ్-1 అనే పట్టికలో చేర్చారు. దుకాణదారు ఇవి అమ్మినప్పుడు రోగి పేరు, వ్రాసిన డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చినదీ వేరే పుస్తకంలో వ్రాసి మూడేళ్ళు భద్రపరచాలి. మరొక నియమం మన ఉద్యోగులు చాలామందికి తెలియదు. ఇటువంటి మందును సొంత వైద్యావసరానికి ఒకసారి నూరు మోతాదులకు మించి దగ్గర ఉంచుకోరాదు. దీర్ఘకాల చికిత్సకని డాక్టరు ప్రత్యేకించి వ్రాస్తే మూడువందల వరకు ఉంచుకోవచ్చును. "మళ్ళీ మళ్ళీ ఎవరు తిరుగుతారు, ఒకేసారి ఇచ్చేయండి" అని డిస్పెన్సరీ కిటికీ దగ్గర పట్టుబట్టేవారు (వారిలో మేమూ ఒకరము) ఇది గమనించాలి.

ఇక శిక్షల లెక్క. ఆల్ప్రజోలానికి చట్టం 5 గ్రాములను స్వల్ప పరిమాణమనీ, 100 గ్రాములను వాణిజ్య పరిమాణమనీ నిర్ణయించినది. అక్రమంగా కలిగి ఉన్నది స్వల్పమైతే ఏడాది వరకు కఠిన కారాగారం గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని. రెంటికీ నడుమనైతే పదేళ్ళ వరకు, లక్ష రూపాయల వరకు. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్ళు, గరిష్ఠం ఇరవై. బెయిలు దొరకటమే కష్టము. మా అబ్బాయి ఈ అంకెలు విని వెంటనే కాగితంమీద లెక్కవేశాడు. మాత్రలో మందు పావు మిల్లీగ్రాము కాబట్టి 5 గ్రాములు కావాలంటే ఇరవైవేల మాత్రలు కావాలి. "అయితే భయమేమున్నది?" అన్నాడు. 2008 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ లెక్క సరిపోయేది. కాని 2020 ఏప్రిల్ 22న హీరాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తోసిపుచ్చినది. అసలు మందు ఒక్కటే కాదు, అందులో కలిసిన ఇతర పదార్థాల బరువు కూడా కలిపి తూచాలన్నది. ఒక్కొక్క మాత్ర నూరు మిల్లీగ్రాములు తూగుతుందనుకుందాము. అప్పుడు 5 గ్రాములకు యాభై మాత్రలు చాలు. 100 గ్రాములకు వేయి. ఇరవైవేలు ఎక్కడ, యాభై ఎక్కడ! వేయి మాత్రలు ఒక చెప్పుల డబ్బాలో పడతాయి. "ఈ డబ్బా కాస్త ఆ హాస్టలులో ఇచ్చిరా తమ్ముడూ" అని ఎవరైనా అంటే ఆ చెప్పుల డబ్బాను గుర్తుతెచ్చుకోమని మా అబ్బాయికి చెప్పాము. ఈ చట్టం క్రింద నిందితునికి ఆ సంగతి తెలిసే ఉన్నదని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. తెలియదని నిరూపించుకోవలసిన భారం అతనిదే.

ఇక్కడ పిల్లలకు అబద్ధం చెప్పరాదని మా గట్టి అభిప్రాయము. "ఒక్క మాత్రతో పట్టుబడితే జీవితాంతం జైలే" అని బెదిరిస్తే, అది నిజం కాదని వారు వారం తిరగకుండా తెలుసుకుంటారు. ఆ తరువాత మనం చెప్పే నిజం కూడా నమ్మరు. ఉన్నది ఇది. పద్దెనిమిదేళ్ళ లోపువారి కేసు బాలల న్యాయమండలి ముందుకు వెళుతుంది. వారిని జైలుకు పంపరు. సాధారణంగా ఆ కేసు వారి భవిష్యత్తుకు అనర్హత కాదు. అయితే పదహారు నిండినవాడు వాణిజ్య పరిమాణం వంటి ఘోరమైన నేరంలో చిక్కుకుంటే, పరిశీలించి, పెద్దవానిగా విచారించే అవకాశాన్ని 2015 నాటి చట్టం కల్పించినది. పద్దెనిమిది దాటితే ఆ రక్షణ అంతా పోతుంది. ఉద్యోగంలో చేరేనాడు మనమందరం నింపిన అటెస్టేషన్ ఫారం గుర్తున్నదా? ఎన్నడైనా అరెస్టయ్యారా, కేసు నడుస్తున్నదా అన్న గడి మన పిల్లల కోసమూ అలాగే ఖాళీగా వేచి ఉన్నది.

అదే 2015 చట్టంలోని 77వ సెక్షను మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టింది. అర్హుడైన వైద్యుడు వ్రాయకుండా బాలునికి మాదకద్రవ్యం గాని, మనసుపై పనిచేసే ఇటువంటి మందు గాని ఇచ్చినవారికి ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. తండ్రికి మినహాయింపు అందులో కనిపించలేదు. సగం మాత్ర అనీ, పరీక్ష ముందురాత్రి అనీ కూడా లేదు.

అలవాటులో చిక్కుకున్నవారి కొరకు ఎన్.డి.పి.ఎస్. చట్టంలోనే ఒక ద్వారం ఉన్నది. దానిని గురించి సభలలో ఎవరూ చెప్పరు. వాడకం లేక స్వల్ప పరిమాణం ఆరోపణ ఉన్న వ్యసనపరుడు తానుగా ముందుకువచ్చి, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేసుకుంటే 64-ఏ సెక్షను క్రింద అతనిపై ప్రాసిక్యూషను ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చును. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారికి 14446 అనే ఉచిత జాతీయ టెలిఫోను ఉన్నది. ఎక్కువకాలం వాడినవారు తమంతట తామే ఒక్కరోజులో మానివేయరాదు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

మా అబ్బాయిని మరుసటిరోజు డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్ళాము. రెండు మాత్రలకు ప్రమాదం లేదన్నారు. ఎన్ని గంటలు చదువుతున్నాడు, ఎన్ని గంటలకు టీ త్రాగుతున్నాడు అని అడిగి, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ముప్పావుగంట మాట్లాడారు. ఏమి మాట్లాడారో మేము నేటికీ అడగలేదు.

కాని స్నేహితుని వద్ద నాలుగు మాత్రలు మిగిలే ఉన్నవి. ఆ పిల్లవాని తండ్రి ఎదుటి బ్లాకులో ఉండే మన సహోద్యోగి, వేరే విభాగంలో షిఫ్టు ఇన్‌ఛార్జి. వెళ్ళి ఏమని చెప్పాలి? మా అబ్బాయి మీ అబ్బాయికి మత్తుమాత్రలు ఇచ్చాడనా? రెండు సాయంత్రాలు వరండాలో పచార్లు చేశాము. "మీరు వెళ్ళకపోతే నేను వెళ్ళి వాళ్ళావిడతో చెబుతాను" అని మా శ్రీమతి చెప్పులు తొడుక్కున్నది. అప్పుడు కదిలాము. మొదటి సగం మాత్ర ఇచ్చినది మేమేనన్న మాటతోనే మొదలుపెట్టాము. ఆయన కోపగించుకోలేదు. కొడుకును పిలిచి అడిగితే ఒకటి వేసుకున్నానని చెప్పి, జామెట్రీ పెట్టెలోనుండి మూడు తీసి బల్లమీద పెట్టాడు.

ఆయన కొంతసేపు ఆ మూడింటిని చూస్తూ కూర్చున్నారు. "మా నాన్నగారి మోకాళ్ళ నొప్పి మాత్రలు కూడా మీరన్న ఆ ట్రమడాలేనండీ" అని లేచి, లోపలినుండి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చారు. ఇద్దరమూ కలిసి లెక్కపెట్టాము. పదిహేడు ఉన్నవి. ఎన్ని ఉండాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.