'సున్నా కోపే' ఫోన్ వెనుక ఎవరున్నారు?

అమెరికాలో కీళ్లవాతం, సోరియాసిస్, క్రోన్స్ వంటి జబ్బులకు ఖరీదైన ఇంజెక్షన్లు వాడే ఉద్యోగులకు ఒక్కోసారి ఎన్నడూ పేరు వినని సంస్థ నుంచి ఫోన్ వస్తుంది. "మా ప్రోగ్రాంలో చేరితే మందుకు మీరు కట్టేది సున్నా. చేరకపోతే ధరలో 30 శాతం మీరే కట్టుకోవాలి" అంటారు. మోసగాళ్లేమోనని పెట్టేసేవాళ్లూ ఉన్నారు. కానీ చాలాసార్లు అది తాము పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్ ప్లాన్ తరఫున నియమితమైన సంస్థే. దానికి అప్పగించిన పని ప్లాన్ ఖర్చు తగ్గించడం. ఆ సంగతి తెలియకుండా 'సరే' అన్నా, 'వద్దు' అన్నా ఇబ్బందే. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు దీన్ని ముందే తెలుసుకోవాలి.

దీనికి మూలం మందుల ధరల్లో ఉంది. హ్యుమిరా ప్రకటిత ధర 2023లో నెలకు 6,900 డాలర్ల పైమాటే. అందులో రోగి వాటా కూడా మోయలేని బరువే. అది కట్టలేక రోగి మందు మానేస్తే తయారీదారుకు బీమా సొమ్మూ పోతుంది. అందుకే తయారీదారు కోపే కార్డు ఇచ్చి రోగి వాటా తాను భరిస్తాడు, మిగతాది బీమా నుంచి రాబట్టుకుంటాడు. చౌకైన జెనరిక్ ఉన్నా ఈ కార్డులు రోగిని ఖరీదైన మందు వైపే నిలుపుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. కాలిఫోర్నియా 2017లో చేసిన చట్టం అలాంటి కార్డులను చాలావరకు కట్టడి చేసింది. కానీ జెనరిక్ లేని మందు వాడుతున్న రోగి మాటేమిటి? అతనికి వేరే దారి లేదు.

బీమా సంస్థలు ఈ కార్డులకు విరుగుడుగా తెచ్చిన పద్ధతి పేరు 'అక్యుములేటర్'. ఒక లెక్క చూద్దాం. మందు నెలకు 1,500 డాలర్లు, ప్లాన్ డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగి ఏటా కట్టుకోవాల్సిన సొమ్ము) 4,500, కార్డు ఏడాదికి ఇచ్చేది 6,000 అనుకుందాం. మామూలుగా అయితే మార్చికల్లా డిడక్టిబుల్ తీరిపోతుంది. అక్యుములేటర్ ఉంటే కార్డు డబ్బును ప్లాన్ తీసుకుంటుంది గానీ రోగి ఖాతాలో జమకట్టదు. ఏప్రిల్‌తో కార్డు ఖాళీ. మే నెలలో మందుల షాపుకు వెళ్లిన మనిషికి డిడక్టిబుల్ మొత్తం 4,500 అలాగే మిగిలి ఉందని తెలుస్తుంది. ఒకే డిడక్టిబుల్ రెండుసార్లు వసూలైనట్టే. ఇది అన్యాయం.

ఫోన్ చేసేవారి పద్ధతి 'మ్యాక్సిమైజర్' మరో అడుగు ముందుకు వేసింది. ఫలానా మందు 'అత్యావశ్యక ప్రయోజనం' కిందికి రాదని ప్లాన్ రాసుకుంటుంది. దాంతో ఏడాదిలో రోగి జేబు నుంచి పోయే సొమ్ముకు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి (2025లో ఒక్కొక్కరికి 9,200 డాలర్లు) ఆ మందుకు వర్తించదు. ఆపైన కార్డులో ఉన్నదంతా పిండుకునేలా కోపే పెంచుతారు. చేరిన రోగి మందుకు పైసా కట్టడు, నిజమే. కానీ అదే ఏడాది అతనికి ఆపరేషన్ అవసరమైతే డిడక్టిబుల్ మొదటి డాలరు నుంచి కట్టుకోవాలి. ఇలాంటి సేవలందించే సేవ్‌ఆన్‌ఎస్‌పీపై జాన్సన్ అండ్ జాన్సన్ 2022 మేలో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టుకెక్కింది. తన సహాయ నిధి నుంచి కనీసం 10 కోట్ల డాలర్లు అదనంగా లాగారని ఆరోపించింది. సేవ్‌ఆన్ తప్పేమీ చేయలేదంటోంది. వాళ్ల తగువు ఎటు తేలినా, దాని మధ్య నలిగేది రోగి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడో పద్ధతి. అందులో ప్లాన్ ఆ మందుకు బీమానే తీసేస్తుంది. తర్వాత మధ్యవర్తి సంస్థ రోగి పేరున, బీమా లేని పేదల కోసం తయారీదారు పెట్టిన ఉచిత మందు పథకానికి దరఖాస్తు పెడుతుంది. ఆదాయపు పత్రాలు అడుగుతుంది. ఆదాయం ఎక్కువని తిరస్కరిస్తే మళ్లీ మొదటికి. ఈలోగా డోసు తప్పితే జబ్బు తిరగబెడుతుంది. పేయర్ మేట్రిక్స్ అనే సంస్థ ఇలా తమ ఉచిత పథకాన్ని దుర్వినియోగం చేసిందంటూ హ్యుమిరా తయారీదారు ఆబ్వీ 2023లో దావా వేసింది. దరఖాస్తులో ఏం రాశారో చదవకుండా సంతకం చేయకూడదు. తప్పు సమాచారం కింద ఉండేది రోగి సంతకమే.

చట్టం కొంత కదిలింది. అక్యుములేటర్లకు వీలిచ్చిన ఫెడరల్ నిబంధనను 2023 సెప్టెంబరులో వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ జిల్లా కోర్టు కొట్టేసింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు వాటిపై నిషేధ చట్టాలు చేశాయి. అయితే కంపెనీయే క్లెయిములు భరించే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లను 1974 నాటి ఎరిసా చట్టం వల్ల రాష్ట్రాలు ముట్టుకోలేవు. కంపెనీ ద్వారా బీమా ఉన్నవారిలో పదింట ఆరుగురికి పైగా ఉన్నది ఇలాంటి ప్లాన్లలోనే. పెద్ద ఐటీ కంపెనీల్లో పనిచేసేవారు తమదీ అలాంటిదేమో కనుక్కోవాలి. ప్రతి సాయాన్నీ రోగి ఖాతాలో జమకట్టాలనే బిల్లు అమెరికా కాంగ్రెస్ ముందు పదేపదే వచ్చినా గట్టెక్కలేదు. అది గట్టెక్కాలి.

ప్రభుత్వ బీమా మెడికేర్ ఉన్న పెద్దల సంగతి వేరు. తయారీదారుల కార్డులు వాళ్లకు పనికిరావు, చట్టం ఒప్పుకోదు. కానీ 2025 నుంచి మెడికేర్‌లో మందుల భాగమైన పార్ట్-డి కింద రోగి ఏడాది ఖర్చు 2,000 డాలర్లు దాటకుండా పరిమితి వచ్చింది, 2026లో అది 2,100. దాన్ని నెలవారీ వాయిదాల్లోనూ కట్టుకోవచ్చు.

ఉద్యోగులు మాత్రం ఫోన్ వచ్చిన రోజున కంగారుపడి జవాబివ్వకూడదు. పెట్టెయ్యనూ కూడదు. ముందు ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి ఆ సంస్థ నిజంగా ప్లాన్ తరఫుదేనా అని నిర్ధారించుకోవాలి. తర్వాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి: కోపే కార్డు డబ్బు డిడక్టిబుల్‌లో జమవుతుందా, చేరకపోతే ఎంత కట్టాలి, దరఖాస్తు తిరస్కరిస్తే మందు ఎన్నాళ్లలో ఎవరిస్తారు? జవాబు రాతపూర్వకంగానే తీసుకోండి. ప్లాన్ పూర్తి పత్రం అడిగి తీసుకునే హక్కు ఎరిసా కింద ఉద్యోగికి ఉంది. ఏటా ప్లాన్ మార్చుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ సమయంలోనే ఆ పత్రం తెప్పించుకుని చదవండి.