సోమవారం ఇచ్చిన అర్జీ... మంగళవారం ఎవరి టేబుల్ మీద?

2025 అక్టోబరు 21. భీమవరం పేరు రాష్ట్రమంతా టీవీల్లో మోగిపోయింది. సంక్రాంతి కాదు, కోడి పందేలు లేవు, రొయ్య రేటూ పడిపోలేదు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పశ్చిమ గోదావరి జిల్లా ఎస్పీతో మాట్లాడి, భీమవరం డీఎస్పీ మీద తనకి ఫిర్యాదులొచ్చాయని, నివేదిక ఇవ్వాలని అడిగారు. పేకాట శిబిరాలు పెరిగాయని, సివిల్ తగాదాల్లో పోలీసులు తలదూరుస్తున్నారని ఆ ఫిర్యాదుల సారాంశం. ఆ వెంటనే పక్క నియోజకవర్గం ఉండి ఎమ్మెల్యే, శాసనసభ ఉప సభాపతి రఘురామకృష్ణరాజు తనకున్న సమాచారం ప్రకారం ఆ డీఎస్పీకి మంచి పేరే ఉందన్నారు. ఇంకేముంది, వారం పాటు డిబేట్లే డిబేట్లు.

ఆ అధికారి తప్పు చేశారా, లేదా? అది ఈ కాలమ్‌లో తేలేది కాదు. ఆరోపణ ఆరోపణే. నాకు తట్టిన ప్రశ్న వేరే. ఆ ఫిర్యాదులు ఉప ముఖ్యమంత్రి దాకా ఎందుకెళ్లాల్సి వచ్చింది? ఎస్పీ ఆఫీసు భీమవరంలోనే ఉంది కదా! 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు రాకముందు ఏలూరు వెళ్లాల్సొచ్చేది. ఇప్పుడు ఆటో ఎక్కితే చాలు. అయినా పోలీసు మీద ఫిర్యాదు అనేసరికి మనవాళ్ల కాళ్లు ఎస్పీ ఆఫీసు వైపు కన్నా నాయకుల ఇళ్ల వైపే ఎందుకు నడుస్తాయి?

అత్తగారి మీద ఫిర్యాదు మావగారికి

మీకే జరిగిందనుకుందాం. సెకండ్ షో చూసి బండి మీద ఇంటికొస్తున్నారు. ఆపారు. కాగితాలన్నీ ఉన్నాయి. "ఫోన్ ఇటివ్వు" అన్నారు. "ఎందుకు సార్?" అన్నారు మీరు. అంతే, చెంప మీద రెండు పడ్డాయి. మర్నాడు ఏం చేస్తారు?

సోమవారం దాకా ఆగి ఎస్పీ ఆఫీసుకి వెళ్తారు. సోమవారాల అర్జీల కార్యక్రమాన్ని ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. అంతకుముందు స్పందన, ఇంకా ముందు మీ కోసం. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, సోమవారం మాత్రం మారదు. అర్జీ తీసుకుంటారు. ఎస్పీగారు ఓపిగ్గా వింటారు కూడా. అసలు కథ మంగళవారం మొదలవుతుంది.

ఆ కాగితం ఎస్పీ నుంచి డీఎస్పీకి, ఆయన్నుంచి సీఐకి దిగుతుంది. "విచారించి నివేదిక పంపండి" అని పైన రాసుంటుంది. చాలాసార్లు ఆ విచారణ మీ ఫోన్‌కి వచ్చే ఒక కాల్‌తో మొదలవుతుంది: "ఏం బాబూ, కంప్లైంట్ పెట్టావంట, ఓసారి స్టేషన్‌కి రా, మాట్లాడుకుందాం." ఎవరు కొట్టారని రాశారో ఆయన అక్కడే డ్యూటీలో ఉండొచ్చు. ఇంట్లో అమ్మ భయపడుతుంది. నాన్న "మనకెందుకురా ఈ గొడవ, రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చేది వాళ్లే" అంటారు. మీరు వెళ్లి, "రాజీ పడ్డాం, చర్యలు అక్కర్లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టి వస్తారు. అర్జీ పరిష్కారమైనట్టు మెసేజ్ వస్తుంది.

అత్తగారి మీద ఫిర్యాదు మావగారికి చెప్పుకున్నట్టే. మావగారు మంచివారే కావచ్చు. కానీ రేపు పొద్దున్న ఆయన కాఫీ తాగాల్సింది అత్తగారి చేత్తోనే.

అలాగని ఎస్పీలు చర్యలు తీసుకోరని కాదు, తీసుకుంటారు. 'ఎస్ఐని వీఆర్‌కి పంపారు' అని పేపర్లో చదువుతుంటాం. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. పోస్టింగ్ లేకుండా పక్కన కూచోబెట్టడం. ఉద్యోగం ఉంటుంది, తర్వాత మరో స్టేషన్ వస్తుంది. సస్పెన్షన్ కూడా చట్టం దృష్టిలో శిక్ష కాదు, విచారణ తేలేదాకా పక్కన పెట్టడమే. అసలు శిక్షలు, అంటే ఇంక్రిమెంటు కోత నుంచి ఉద్యోగం పీకేయడం దాకా, 1991 నాటి సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నిబంధనల ప్రకారం చార్జి మెమో ఇచ్చి, విచారణ జరిపాకే వేయాలి. ఆ విచారణ చేసేది ఎవరు? పై అధికారే. అది ఎక్కడిదాకా వచ్చిందో ఫిర్యాదుదారుడికి ఎవరైనా ఫోన్ చేసి చెప్తారా? మీకు తెలుసు.

గొడవైతే పరుగు, లేకపోతే నత్తనడక

మన గోదావరి తీరంలోనే 2020 జులైలో ఏం జరిగిందో గుర్తుందా? తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌కి ఒక దళిత యువకుణ్ణి తీసుకెళ్లి, కొట్టి, గుండు గీయించి, మీసం తీయించారు. ఇసుక లారీల గొడవ దానికి మూలం. ఆ ఫొటో బయటికొచ్చింది. రాష్ట్రమంతా అట్టుడికింది. రోజుల వ్యవధిలోనే ఇన్‌చార్జి ఎస్ఐని సస్పెండ్ చేశారు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టి అరెస్టు చేశారు. అంటే మన వ్యవస్థకి వేగంగా కదలడం రాదనేం లేదు.

కానీ ఆ యువకుడు మరుసటి నెలలో ఏకంగా రాష్ట్రపతికే ఉత్తరం రాశాడు. తనకి న్యాయం జరగలేదని, నక్సల్స్‌లో చేరడానికి అనుమతి ఇవ్వమని. దాడి చేయించినవాళ్లని వదిలేశారన్నది అతని బాధ. ఎస్ఐని అరెస్టు చేశాక కూడా ఒక కుర్రాడు అలాంటి ఉత్తరం రాశాడంటే, తన ఫిర్యాదుని పూర్తిగా విన్నవాళ్లు ఒక్కరూ లేరని అతనికి అనిపించబట్టే కదా.

ఫొటో లేకపోతే? పలుకుబడి ఉన్నా పని కాదు. సాక్ష్యం మన రఘురామకృష్ణరాజే. 2021 మే 14న ఆయన నరసాపురం ఎంపీ. అంటే భీమవరం ఓటర్లు ఎన్నుకున్న మనిషి. రాజద్రోహం కేసులో ఏపీ సీఐడీ హైదరాబాద్‌లో అరెస్టు చేసి గుంటూరు తీసుకెళ్లింది. కస్టడీలో తనని కొట్టారని మేజిస్ట్రేట్ ముందు చెప్పారు. గుంటూరు ప్రభుత్వ డాక్టర్లు గాయాలేం లేవన్నారు. సుప్రీంకోర్టు చెప్తే సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రిలో పరీక్ష చేశారు, కాలివేలి ఎముక విరిగినట్టు అక్కడ తేలింది. బెయిలొచ్చింది. మరి కొట్టారన్న ఆరోపణ మీద గుంటూరులో ఎఫ్ఐఆర్ ఎప్పుడు నమోదైంది? 2024 జులైలో. ప్రభుత్వం మారాక, మూడేళ్లు దాటాక. అందులో నిజానిజాలు కోర్టు తేల్చాలి. ఎంపీ ఫిర్యాదుకే మూడేళ్లు పడితే, సెకండ్ షో నుంచి వస్తున్న మీ ఫిర్యాదుకి ఎన్నేళ్లు?

కోర్టు చూపించిన తలుపు

దీనికి మందు సుప్రీంకోర్టు ఎప్పుడో రాసింది. 2006 సెప్టెంబరు 22న, ప్రకాశ్ సింగ్ కేసులో. ఆ ప్రకాశ్ సింగ్ ఎవరో కాదు, ఉత్తరప్రదేశ్‌లో డీజీపీగా చేసిన పోలీసాయనే. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో ఒక కంప్లైంట్స్ అథారిటీ ఉండాలని కోర్టు చెప్పింది. జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడు. డీఎస్పీ స్థాయి దాకా ఫిర్యాదులు అక్కడే. కస్టడీ మరణం, తీవ్ర గాయాలు, అత్యాచారం లాంటివే కాదు, డబ్బులు గుంజడం, స్థలాల కబ్జా, అధికార దుర్వినియోగం కూడా వినాలి. అంటే సివిల్ తగాదాలో పోలీసు తలదూర్చాడన్న ఫిర్యాదుకి సరిగ్గా సరిపోయే చోటు.

మన దగ్గరేం జరిగింది? 2021 జూన్‌లో రాష్ట్ర అథారిటీకి రిటైర్డ్ జస్టిస్ కనగరాజ్‌ని చైర్మన్‌గా నియమించారు. 65 ఏళ్లు దాటినవాళ్లని పెట్టకూడదని ప్రభుత్వం తనే రాసుకున్న నిబంధనని తనే మర్చిపోయింది. అదే ఏడాది హైకోర్టు ఆ జీవోని నిలిపేసింది. మీ వీధిలో పదిమందిని అడగండి, పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ పేరు విన్నవాళ్లు ఒక్కరైనా ఉంటారేమో చూడండి. ఎమ్మెల్యేగారి పీఏ నంబరు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

'అమెరికాలో అయితేనా...' అంటారా? 2023 జనవరిలో సియాటెల్‌లో మన కర్నూలు జిల్లా అమ్మాయి రోడ్డు దాటుతూ పోలీసు కారు కింద పడి చనిపోయింది. ఇంకో పోలీసు అధికారి ఆమె ప్రాణం విలువ గురించి ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. అది అతని ఒంటి మీదున్న కెమెరాలోనే రికార్డయింది. ఆ రికార్డు విని ఇది తప్పని పైకి చెప్పింది ఆ పోలీసు శాఖలోని ఉద్యోగే. పోలీసులు కానివాళ్లు నడిపే విచారణ సంస్థ ఒకటి అక్కడుంది, అది విచారించింది. 2024 జులైలో అతని ఉద్యోగం పోయింది. కారు నడిపిన అధికారి మీద మాత్రం పెద్ద క్రిమినల్ కేసు పెట్టలేదు. అక్కడా న్యాయం నిండుగా దొరకలేదు. కానీ ఫిర్యాదు ఎవరి టేబుల్ మీదుందో ప్రపంచమంతటికీ తెలిసింది. మనం అడగాల్సింది కనీసం అది.

ఈలోగా మీ చేతిలో ఉన్నవి

దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఎవరు కొట్టారో డాక్టరుకి చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయమనండి. వారం తర్వాత వాపు ఉండదు, కాగితం ఉంటుంది. అరెస్టు చేసుంటే 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లాలి. కొట్టిన సంగతి చెప్పాల్సింది అక్కడ. ఆ రోజు ఊరుకుని, నెల తర్వాత చెప్తే ఎవరైనా ముందడిగేది "అప్పుడెందుకు చెప్పలేదు?" అనే.

స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అయినా కదలకపోతే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. లాయరుకి డబ్బుల్లేవా? 15100కి ఫోన్ చెయ్యండి, అది న్యాయసేవాధికార సంస్థ నంబరు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితం.

ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో తీవ్రంగా గాయపరిస్తే మానవ హక్కుల కమిషన్ ఆ ఫుటేజీ తెప్పించుకోవచ్చు. కమిషన్‌కి ఫిర్యాదు ఏడాది లోపు చెయ్యాలి. పోస్టు చేస్తే చాలు, బస్సెక్కక్కర్లేదు. మీ అర్జీ ఏమైందో పది రూపాయల ఆర్టీఐతో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకో మాట. అబద్ధం మాత్రం రాయకండి. తాగి బండి నడిపి దొరికిపోయి, కోపంతో ఎస్ఐ మీద కంప్లైంట్ పెట్టేవాళ్లూ మనలో ఉన్నారు. అలాంటి కాగితం ఒక్కటి నిజమైన పది కాగితాల విలువ తీసేస్తుంది. తప్పుడు ఫిర్యాదు నేరం కూడా. పైగా బయటివాళ్లు విచారించడం వల్ల లాభం మనకే కాదు, నిజాయితీగా పనిచేసే పోలీసుకి కూడా. తప్పు చెయ్యలేదని శాఖే చెప్తే ఎవరూ నమ్మరు, జడ్జి చెప్తే నమ్ముతారు. భీమవరం డీఎస్పీ విషయమే చూడండి. ఒక నాయకుడు అనుమానించారు, ఇంకో నాయకుడు మంచి మార్కులేశారు. ఈ రెంటిలో ఏదీ విచారణ కాదు.

వచ్చే సోమవారం ఎవరైనా అర్జీ పట్టుకుని వెళ్తుంటే ఒక్కటి చెప్పండి: రసీదు లేకుండా బయటికి రావద్దని. దాన్ని ఫొటో తీసి దాచుకోమనండి. స్టేషన్‌కి పిలిస్తే ఒంటరిగా వెళ్లొద్దని, రాజీ కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. ఓట్లడగడానికి మీ వీధికొచ్చే నాయకుణ్ణి మాత్రం ఒక్క మాట అడగండి: "మా జిల్లా కంప్లైంట్స్ అథారిటీ ఆఫీసు ఎక్కడండీ?"