గూఢచారుల కలహము

బాలురు చిత్రకథల పుస్తకములు చదువవచ్చునా, కూడదా యను చర్చ మన ఉపాధ్యాయుల గదిలో ఏటేట నొకమారు తప్పక వచ్చును. ఈ సంవత్సరము అది తొమ్మిదవ తరగతిలో ఒక బల్లక్రింద దొరకిన రెండు పుస్తకములవలన వచ్చినది. అవి ఆదివారమునాడు ఆబిడ్సులో కాలిబాటపై పరచి యమ్మెడు పాతపుస్తకములలోనివి. అట్టలు చినిగియున్నవి. లోపల ముసుగు వీరులు, తుపాకులు, ప్రేలుళ్లు. సహోపాధ్యాయులొకరు వానిని బీరువాలోనుంచి తాళము వేయుడనిరి. నేను ముందుగా చదివి చెప్పెదనని యింటికి గొనిపోతిని. తల్లిదండ్రులు కొందరు ఇందులకు నన్ను తప్పుపట్టియున్నారు గనుక, నాకు తోచినది ఈ సంచికలో వ్రాయుట యుచితమని తలచితిని.

ఆ కథ పేరు ‘ది జేనస్ డైరెక్టివ్’. అమెరికా దేశమున డీసీ కామిక్స్ వారు దీనిని 1989లో ప్రకటించిరి. జేనస్ అనగా ముందొకటి, వెనుకనొకటి రెండు ముఖములు గల రోమీయుల ద్వారదేవత. కథ పదునొకండు భాగములు గలది. అవి యొక్క పత్రికలో రాలేదు. ‘సూయిసైడ్ స్క్వాడ్’, ‘చెక్‌మేట్’ అను రెండు పత్రికలలో నాలుగేసి భాగములును, ‘మాన్‌హంటర్’, ‘ఫైర్‌స్టార్మ్’, ‘కెప్టెన్ ఆటమ్’ అనువానిలో ఒక్కొక్కటియు వెలువడెను. ఒక పత్రిక మాత్రమే కొనువానికి కథ సగమైనను తెలియదు. వ్యాపారులు పుస్తకములమ్ముకొనుటకు పన్నిన యుపాయమే యిది. అయినను ఈ కథకు అది చక్కగా నమరినది.

ఒకే ప్రభుత్వపు టుప్పు తినుచున్న రహస్యశాఖలు ఒండొంటిని నమ్మవు. కోబ్రా యను దుష్టుడు ఈ సంగతి నెరిగి, ఒక శాఖవారు చేసినట్లు తోచునట్లు మరియొక శాఖవారిపై దాడులు కల్పించును. ఆకాశమున తాను సిద్ధపరచుచున్న మారణయంత్రము వారి కంటబడకుండుటయే వాని కోరిక. అమాండా వాలర్ అను నధికారిణిని చంపి, అచ్చముగా ఆమెవలె నుండు స్త్రీని ఆ స్థానమున నిలుపదలచును. వాలరే ఆ స్త్రీని చంపి, తానే ఆ మారువేషగత్తెనైనట్లు నటించి శత్రువును నమ్మించును. అయితే ఈ రహస్యమును తనవారికిని చెప్పదు. మిత్రులు మిత్రులచేత కూలుదురు. తుదకు కోబ్రా ఓడును. అధ్యక్షుడు అందరిని పిలిచి మందలించి, శాఖలను విడదీసి, పైన నొక క్రొత్త యధికారిని నిలుపును.

పుస్తకముల సొంతదారులైన బాలు రిద్దరిని పిలిచి అడిగితిని. ఒకడు వాలర్ ద్రోహి యనెను. రెండవవాడు ఆమెయే దేశమును రక్షించినదనెను. మొదటివానియొద్ద ఆరంభ భాగమున్నది, రెండవవానియొద్ద కడపటి భాగమున్నది. వారము దినములుగా ఇద్దరికిని మాటలు లేవట! ‘ఒకరి పుస్తక మొకరికిచ్చి చదువుకొనుడు’ అని పంపితిని. మరునాడు వారిద్దరును కలిసి భోజనము చేయుచుండిరి. పిల్లలకు పట్టిన యీ పాటి బుద్ధి ప్రభుత్వశాఖలకు పట్టుటకు ఎంతకాలము పట్టినదో చూడుడు. 2001 సెప్టెంబరు 11 నాటి దాడులను విచారించిన సంఘము 2004లో, అమెరికాలోని రెండు పెద్ద శాఖలు తమ యెరిగినదానిని ఒండొంటితో పంచుకొనకపోవుటను గట్టిగా తప్పుపట్టెను. మన దేశమున 1968లో ఇంటెలిజెన్స్ బ్యూరోనుండి విదేశ వ్యవహారముల శాఖను విడదీసి ‘రా’ను స్థాపించిరి. 1999లో కార్గిల్ యుద్ధము వచ్చిన పిమ్మటగాని అందరి సమాచారమును ఒకచోట చేర్చు కేంద్రమును ఏర్పరచుట జరుగలేదు.

ప్రాచీనులు దీని నెరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున గూఢపురుషు లొకరినొకరు ఎరుగకుండవలెనని విధి యున్నది. మువ్వురు వేరువేరుగా ఒకే వార్త తెచ్చినచో దానిని నమ్మవలెను. మాటిమాటికి వారి వార్తలు కలియకున్న వారిని రహస్యముగా దండింపవలెను, లేదా పనినుండి తొలగింపవలెను. ఉపాయము గొప్పదే. కాని ముగ్గురిని పోల్చిచూచు రాజు నిష్పక్షపాతియై యుండవలెను గదా! కోబ్రావంటివాడు ముగ్గురికిని ఒకే యబద్ధమును వినిపించినచో నేమిగతి?

మన పరిశుద్ధ గ్రంథమున మరియొక రీతి కలదు. సంఖ్యాకాండము 13వ అధ్యాయమున మోషే పంపిన పన్నిద్దరు వేగులవారు నలువది దినములు కనాను దేశమును చూచివచ్చి, సర్వసమాజము నెదుట వార్త చెప్పిరి. ద్రాక్షగెలను చూపిరి. పదిమంది భయపడిరి, కాలేబు, యెహోషువలు మాత్రము పోవుదమనిరి. రహస్యమేమియు లేదు, ఐనను జనులు పదిమందినే నమ్మి నలువది యేండ్లు అరణ్యమున తిరుగవలసివచ్చెను. పిమ్మట యెహోషువ తానే నాయకుడై యెరికోకు వేగులవారిని పంపినప్పుడు ఇద్దరినే పంపెను, అదియు రహస్యముగా. వారు వచ్చి అతనికొక్కనికే చెప్పిరి. ఆదివార పాఠశాలలో ఈ రెండు వృత్తాంతములను పక్కపక్కన నుంచి ఎవరును చెప్పరేలనో నాకు తెలియదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. 2007 మే 18వ తేదీ శుక్రవారము, మధ్యాహ్న ప్రార్థనవేళ మన మక్కామసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిరి. అటుపిమ్మట పోలీసు కాల్పులలో మరియైదుగురు. ఆ దినములలో పాతనగర యువకులు పలువురు నిర్బంధింపబడి, పిదప నిర్దోషులని విడువబడిరి. దర్యాప్తు నగర పోలీసులనుండి సీబీఐకిని, 2011లో జాతీయ దర్యాప్తు సంస్థకును పోయెను. మొదట అనుమానించినవారు వేరు, తుదకు న్యాయస్థానమున నిలిపినవారు వేరు. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానము విచారణకు నిలిచిన ఐదుగురిని నిర్దోషులనెను. ఏ శాఖ మేలు, ఏ శాఖ కీడు అని తీర్పు చెప్పుటకు నేను చాలను. చనిపోయినవారి తల్లులును, చెరనుండి వచ్చిన కుమారుల తల్లులును శాలిబండ, మొగల్‌పురా సందులలో మనకెదురగుచునే యున్నారని మాత్రమెరుగుదును.

చిత్రకథలో నాకు నచ్చనిది ఇదియే. ముసుగులుకావు, తుపాకులుకావు. అధ్యక్షుడు శాఖలను సవరించునుగాని, కూలినవారి ఇంటి తలుపు తట్టడు. వాలర్ గెలిచినది, సరే. ఆమె మౌనమువలన పోయిన ప్రాణములకు ఎవరు జవాబుదారి?

ఈ ప్రశ్న వేయుటకు నాకొక కారణము కలదు. పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో తరగతి కిటికీ అద్దము పగిలినది. ట్రెయినింగు కళాశాలలో క్రమశిక్షణను గూర్చి చదివినదంతయు ఆ దినమున మరచితిని. ఇద్దరు బాలురను వేరువేరుగా పిలిచి, ఒకరి సంగతి యొకరికి తెలియనీయక, తరగతిలో జరుగునవన్నియు నాకు చెప్పుచుండుడంటిని. మూడు వారములలో ఆ యిద్దరును ఒకరిపై నొకరు చాడీలు చెప్పసాగిరి. ఇద్దరి మాటయు కలిసినది ఒక్క విషయముననే: మూడవ బాలుడొకడు అద్దము పగులగొట్టినాడని. కౌటిల్యుడు ముగ్గురు కావలెననెను, నాకిద్దరు చాలిరి. వానిని బెత్తముతో కొట్టితిని. అద్దము పగిలిన దినమున వాడు జ్వరముతో ఇంటనుండెనని హాజరుపట్టీ తిరుగవేయగా తేలినది. వారిద్దరికిని వానితో వేరే పగ యున్నదట. తరగతి నెదుట వాని క్షమాపణ వేడితిని. వాడు ‘పరవాలేదండీ’ అనెను. కాని ఆ సంవత్సరమంతయు నావంక తిన్నగా చూడలేదు.

కావున ఆ పుస్తకములను బీరువాలో దాచుట కొప్పుకొనను. ‘గూఢచారి 116’ చిత్రము 1966లో వచ్చినప్పుడు ఈలలు వేసిన తాతలు మనుమల చేతిలోని కథను చూచి భయపడుట వింతగానున్నది. చదువనిండు; చదివిన పిమ్మట ఇంట కూర్చుండబెట్టుకొని, వాలర్ తనవారికి చెప్పవలసినదా, కాదా యని యడుగుడు. నా యభిప్రాయము చెప్పవలసినదనియే. తొమ్మిదవ తరగతిలో నాతో నేకీభవించినవారు సగమైనను లేరు.

కథ యంతయు ఒకేచోట కూర్చిన సంపుటము 2016లో వెలువడినది. ఒక పూర్వవిద్యార్థి దయతో ఎరువిచ్చుటచే నేను ముగింపువరకు చదువగలిగితిని. దానిని తిరిగి ఈయవలసియున్నది. బాలురు తమ రెండు భాగములను గ్రంథాలయమున కిచ్చివేసిరి. ఇంక తొమ్మిది కావలెను. ఎవరి యటకమీదనైన నున్నచో పంపవలసినదిగా కోరుచున్నాను. అట్టలు చినిగినను పరవాలేదు.