మొదటి ట్రాక్టరు: కొనే ముందు కూర్చుండి లెక్క చూడండి

ఇల్లు – పొలము శీర్షిక



గ్రామ సంఘములలోని రైతు కుటుంబములు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మాకు నాలుగైదు ఎకరాలున్నవి. ట్రాక్టరు కొనవచ్చునా? కొంటే ఏది కొనాలి?" ఇందులో ప్రశ్నలు రెండు. మనలో చాలామంది రెండవదానితో మొదలుపెడతారు. షోరూముకు వెళ్లి రంగు, పేరు, ధర అడిగి వస్తారు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే రెండవదాని అవసరము ఉన్నది.

ట్రాక్టరు కావాలనుకొనుట గొప్పల కోసమేనని ఎవరినీ తప్పుపట్టలేము. పశువుల కొట్టములు ఖాళీ అయినవి. కాడి కట్టే ఎద్దులు ఊరికి ఒకటి రెండు జతలు కూడా మిగలలేదు. తొలకరి వాన పడగానే ట్రాక్టరున్న వాడు ముందు తన పొలము దున్నుకుంటాడు, తరువాత తన బంధువులది, ఆ తరువాత ఇరవై ఎకరాల ఆసామిది. చిన్న రైతు వంతు వచ్చేసరికి నేలలో పదును ఆరిపోతుంది. ఆలస్యముగా పడిన విత్తనము ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. కాబట్టి కోరికలో న్యాయమున్నది. అయితే న్యాయమైన కోరికకు కూడా లెక్క కావాలి.

2015–16 వ్యవసాయ గణన ప్రకారము సగటు కమతము ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు. అంటే రెండున్నర ఎకరములకు మించదు. మరి ట్రాక్టరు ఎంత పనికి తయారైనది? వ్యవసాయ ఇంజనీరింగులో దాని ఖర్చు లెక్కకట్టేటప్పుడు ఏడాదికి 1,000 గంటలు, పదేళ్ల ఆయుష్షు అని తీసుకొనుట వాడుక. మన కమతమునకూ ఆ యంత్రమునకూ మధ్య ఉన్న దూరము ఇక్కడే కనబడుచున్నది.

లూకా సువార్త 14వ అధ్యాయములో గోపురము కట్టదలచిన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకు తెలుసు. పునాది వేసి ముగించలేని వానిని చూచువారు ఎగతాళి చేస్తారు. మన ఊళ్లలో ఆ ఎగతాళి ఎలా ఉంటుందో చూచినవారున్నారు. పూలదండ వేసి ఊరేగించి తెచ్చిన బండిని రెండేళ్లకు ఫైనాన్సువారు వచ్చి తోలుకొనిపోతారు. ఆ రోజు ఇంటి ఇల్లాలు గడప దాటి బయటికి రాలేదు.

ఇక లెక్క చూద్దాము. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ ఊరి అంకెలు వేసుకొని మీరే లెక్క కట్టండి.

ఆరు లక్షల అప్పు, నూటికి ఏడాదికి 12 వడ్డీ, ఐదేళ్ల గడువు, ఆరు నెలలకొక వాయిదా అనుకుందాము. ఒక్కొక్క వాయిదా సుమారు 81,500 రూపాయలు. ఏడాదికి 1,63,000. ఐదేళ్లలో కట్టేది సుమారు 8,15,000.

మీ ఊరిలో డీజిలుతో కలిపి గంటకు 1,200 అద్దె నడుస్తున్నదనుకోండి. గంటకు నాలుగు లీటర్ల డీజిలు, లీటరు నూరు రూపాయలు అనుకుంటే 400. డ్రైవరు కూలి, ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, టైర్ల అరుగుదల, మరమ్మతు కలిపి 300. మిగిలేది 500. ఆ ఐదు వందలతో 1,63,000 కట్టాలంటే బండి ఏడాదికి 326 గంటలు పని చేయాలి.

మీ ఐదు ఎకరములకు రెండు పంటలకు కలిపి, ఎకరమునకు 12 గంటల చొప్పున, 60 గంటల పని ఉన్నదనుకుందాము. మిగిలిన 266 గంటలు ఇతరుల పొలములో దొరకాలి. అంటే మీరు కొన్నది ట్రాక్టరు మాత్రమే కాదు, ఒక అద్దె వ్యాపారము కూడా. దానికి మీరు సిద్ధమేనా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. మీ ఊరిలో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లున్నవి? పదును ఉన్న ఆ పది పదిహేను రోజులే అందరికీ పని. తరువాత బండ్లన్నీ వేపచెట్ల కింద నిలబడతాయి. అద్దె డబ్బు చాలామంది పంట వచ్చినాక ఇస్తామంటారు. డీజిలు బంకువాడు మాత్రము చేతికి డబ్బు అడుగుతాడు. వానలు మొండికేసిన ఏడు ఊరంతటికీ పని ఉండదు, మీ వాయిదా మాత్రము వస్తుంది. మరొక సంగతి. వాయిదా మెడ మీద ఉన్నవానికి ఆదివారము కూడా పని దినమవుతుంది. "ఈ ఒక్క వారమే" అని మొదలై, గుడిలో ఆయన చోటు నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. అప్పు తీసుకొన్నవాడు అప్పిచ్చినవానికి దాసుడవుతాడని సామెతల గ్రంథము 22వ అధ్యాయము ఊరకే హెచ్చరించలేదు.

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. ఇది రైతుకు మేలే. కాని ధర తగ్గినంత మాత్రాన మీ పొలములో పని గంటలు పెరగవు.

లెక్క సరిపోకపోతే ఏమి చేయాలి? అద్దెకు పిలుచుట అవమానము కాదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని మన పెద్దలు ఊరకే అనలేదు. అద్దె యజమానితో ముందే మాట అనుకొని, కొంత బయానా ఇచ్చి, నలుగురైదుగురు పక్క పొలాలవారు కలిసి పిలిస్తే బండి త్వరగా వస్తుంది. ఒకేచోట పది పదిహేను ఎకరములు దొరికితే అతనికీ లాభమే. 2014–15లో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకము కింద యంత్రముల అద్దె కేంద్రములకు సహాయము కల్పించారు. మీ మండలములో అటువంటి కేంద్రము ఉన్నదేమో వ్యవసాయ అధికారిని అడగండి.

రెండవ మార్గము పొత్తు. గెన్నేసరెతు సరస్సులో సీమోనుకు జెబెదయి కుమారులు పాలివారని లూకా 5వ అధ్యాయములో చదువుతాము. పడవలు, వలలు, చేపలు అన్నిటిలోనూ వారు కలిసి పనిచేశారు. అన్నదమ్ములు గాని, ఒకే సంఘపు విశ్వాసులు గాని ముగ్గురు కలిసి పదిహేను ఎకరములకు ఒక బండి కొంటే సొంత పని గంటలు మూడింతలవుతాయి. అయితే నోటి మాటతో పొత్తు కట్టకండి. ఎవరి వంతు ఎప్పుడు, డీజిలు ఎవరిది, విరిగితే ఖర్చు ఎవరిది, బండి ఎవరి పేర, ఒకరు విడిపోదలిస్తే వాటా ఎలా లెక్కకట్టాలి – ఇవన్నీ కాగితము మీద వ్రాసి సంతకములు చేసుకోండి. ప్రేమ ఉన్నచోట కాగితమెందుకని కొందరంటారు. ఆ ప్రేమ చెడకుండా ఉండుటకే కాగితము.

లెక్క సరిపోయినదా? అప్పుడు ఏ బండి అన్న ప్రశ్నకు రండి. జవాబు మీ నేలలో ఉన్నది, పొరుగువాని కొట్టములో లేదు. ఆయన 50 హార్స్ పవర్ కొన్నాడని మనమూ కొంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

చిన్న చిన్న మాగాణి మడులే ఉన్నవారికి 12 నుండి 15 హార్స్ పవర్ పవర్ టిల్లరుతో చాలావరకు పని గడుస్తుంది. దానికి పెట్టుబడి తక్కువ. మామిడి, నిమ్మ తోటలున్నవారికి, పత్తి, మిరప సాళ్ల మధ్య పాటు చేయువారికి, తేలికైన ఎర్ర చల్క నేలలున్నవారికి 20 నుండి 30 హార్స్ పవర్ చిన్న ట్రాక్టరు చాలును. నల్లరేగడిలో లోతు దున్నకము, ఐదు అడుగుల రోటవేటరు, నిండు ట్రాలీ లాగుట ఉంటే 35 నుండి 45 హార్స్ పవర్ కావలసి వస్తుంది. వరి దమ్ముకైతే మరీ బరువైన బండి మంచిది కాదు, దిగబడుతుంది. దమ్ముకు వేసే ఇనుప చక్రములతో తారు రోడ్డు ఎక్కకండి. రోడ్డు పాడవుతుంది, జరిమానా కూడా పడుతుంది.

ఎద్దును గాడిదను ఒకే కాడికి కట్టి దున్నకూడదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. బండికీ పనిముట్టుకూ కూడా జత కుదరాలి. చిన్న బండికి పెద్ద రోటవేటరు తగిలిస్తే ఇంజను మూలుగుతుంది, డీజిలు తాగుతుంది, క్లచ్చి పోతుంది. కాబట్టి ముందు పనిముట్లు తేల్చుకొని, వాటికి సరిపడే బండిని చూడండి. గొర్రు, రోటవేటరు, ట్రాలీల ధరలు కూడా మొదటి లెక్కలోనే వేసుకోండి. వట్టి ట్రాక్టరు ఒక్కటే దున్నదు.

డీలరు చెప్పే హార్స్ పవర్ ఇంజనుది. వెనుక షాఫ్టు దగ్గర, అంటే పీటీఓ దగ్గర, అందేది అంతకంటె తక్కువ. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ల పరీక్షా సంస్థ ఉన్నది. పరీక్షించిన మోడళ్లకు పీటీఓ శక్తి, డీజిలు ఖర్చు, ఎత్తగల బరువు వ్రాసి రిపోర్టు ఇస్తుంది. ఆ రిపోర్టు చూపమని అడగండి. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతపు సంస్థ ఉన్నది. అక్కడ రైతులకు, యువకులకు యంత్రములు నడుపుట, బాగుచేయుటలో శిక్షణ ఇస్తారు. బండి కొనే ముందు ఇంట్లో కుర్రవానికి ఆ పని నేర్పించుట తెలివైన పెట్టుబడి. అన్నిటికంటె ముఖ్యము, సామాను దొరికే దుకాణము, నమ్మకమైన మెకానిక్కు మీకు దగ్గరలో ఉన్న కంపెనీ బండినే చూడండి.

పాత బండి కొనేవారు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. స్టార్టు చేసిన తరువాత నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుచున్నదని అర్థము. ఆయిలు పాలవలె తెల్లబడితే నీళ్లు కలిసినవి. బరువైన పనిముట్టును పైకి లేపి ఇంజను ఆపండి. అది గబగబా దిగిపోతే హైడ్రాలిక్ అరిగినది. ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు ఉంటే, బాకీ లేదన్న పత్రము చేతికి వచ్చేవరకు పైసా ఇవ్వకండి.

అప్పు విషయములో మూడు మాటలు. వాయిదా మీ పంట చేతికి వచ్చే నెలలో ఉండేటట్టు అడగండి. ఖాళీ కాగితముల మీద సంతకము పెట్టకండి. ఉన్న భూమి అంతా తనఖా పెట్టకండి, కనీసము ఒక పంట పోయినా వాయిదా కట్టగలిగే సొమ్ము చేతిలో ఉంచుకోండి. ఇంటామె నగలు, అమ్మాయి చదువు డబ్బు ముట్టుకోవలసి వస్తే అది ఆమెతో కూర్చుండి తేల్చవలసిన సంగతి. ఆమెకు బండి ఇంటి ముందు ఆగిన తరువాత తెలియకూడదు.

చివరిగా ప్రాణముల మాట. పీటీఓ షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చీర కొంగు, తువాలు చిక్కితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. షాఫ్టు మీది కవరు తీసివేయకండి, పిల్లలను దగ్గరకు రానీయకండి. బండి బురదలో దిగబడితే వెనుక చక్రములకు దుంగ కట్టి ముందుకు లాగించకండి. చక్రము తిరగలేక ముందు భాగము పైకి లేచి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. మరొక బండి తెచ్చి గొలుసు కిందుగా కట్టి లాగించండి.

ట్రాలీ సరకుల కోసము. దానిలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము, ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ తన బాధ్యత కాదనవచ్చు. క్రిస్మసుకు, సువార్త సభలకు, పెండ్లిండ్లకు స్త్రీలను, పిల్లలను ట్రాలీలలో నింపి తీసుకొనిపోవు అలవాటు మన సంఘములలో ఉన్నది. సంఘ పెద్దలకు మనవి: ట్రాక్టరున్న సహోదరుని అందుకు అడగకండి. ఆయన కాదంటే ప్రేమ లేనివాడని అనుకోకండి. చందా వేసుకొని బస్సో ఆటోలో మాట్లాడుకోండి.

ఈ నెల ఒక సాయంత్రము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత కాగితము, పెన్సిలు తీసుకొని భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి మీ గంటలు, మీ అద్దె, మీ వాయిదా వ్రాసి చూడండి. లెక్క కొనమంటే ధైర్యముగా కొనండి. ఆగమంటే సంతోషముగా ఆగండి. ట్రాక్టరు వచ్చినా రాకున్నా భూమి మీ పేరనే ఉండాలి, ఆదివారము మీ కుటుంబమంతా గుడిలో ఉండాలి.

ప్రభువు మీ పొలమును, మీ చేతి పనిని దీవించును గాక. ఆమేన్.