సర్వజనశోధనకు అనుజ్ఞ తగదు

ఒక వీధిలో దొంగతనము జరిగినదని ఊరివారి యిండ్లన్నిటి తలుపులు తెఱపించి వెదకుటకు ఏ న్యాయాధికారియు సమ్మతింపడు. అట్టి సార్వత్రిక వారంటుల పీడను బ్రిటిషు పాలనలో అనుభవించియుండుటచేతనే అమెరికా ప్రజలు 1791లో తమ రాజ్యాంగమునకు నాలుగవ సవరణను చేర్చుకొనిరి. నేడు ఆ తలుపుల స్థానమున సెల్‌ఫోనులు వచ్చినవి. 2018లో మిసిసిపీ రాష్ట్రమున తపాలా వాహనచోదకుడొకడు దోపిడికి గురికాగా, ఆ చోట ఆ వేళ ఏయే ఫోనులుండెనో తెలుపుమని అధికారులు పిమ్మట గూగుల్ సంస్థను వారంటు మూలమున కోరిరి. బదులు చెప్పుటకై ఆ సంస్థ 59 కోట్ల 20 లక్షల ఖాతాలను జల్లెడ పట్టవలసివచ్చెను.

2024 ఆగస్టులో న్యూ ఆర్లియన్సులోని ఐదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము, ఆ దోపిడి వ్యాజ్యముననే, ఇట్టి వారంటులు రాజ్యాంగము నిషేధించిన సార్వత్రిక వారంటులేయని నిష్కర్షగా తీర్పు చెప్పెను. అయినను, అధికారులు సద్భావముతోనే వర్తించిరని యెంచి నిందితుల శిక్షలను రద్దు చేయలేదు. హక్కునకు భంగము కలిగినదని అంగీకరించియు దాని ఫలమును నిరాకరించుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. రిచ్మండులోని నాల్గవ సర్క్యూటో, వర్జీనియాలో జరిగిన వేఱొక దోపిడి వ్యాజ్యమున, 2025 ఏప్రిలులో పూర్ణ ధర్మాసనముగా కూర్చుండియు, క్రింది కోర్టు నిర్ణయమును ఒక్క వాక్యముతో స్థిరపఱచెను. కారణములను మాత్రము న్యాయమూర్తులు వేర్వేఱుగా వ్రాసికొనిరి.

దోపిడిదారు పట్టుబడవలసినదే. కాని మొదట అందఱను శోధించి, పిదప అనుమానితుని ఏరుకొను పద్ధతికి ఐదవ సర్క్యూట్ వేసిన అడ్డుకట్టయే న్యాయసమ్మతము.