ఫ్లవర్ షోకి వెళ్తే ఒకసారి పైకి చూడండి

మన కాలేజీలో ‘ఇన్‌స్పిరేషన్’ అరిగిపోయినంతగా ఇంకే మాటా అరిగిపోలేదు. మినీ ప్రాజెక్ట్ రివ్యూలో ‘ఇన్‌స్పైర్ అయ్యాం సార్’ అంటే గిట్‌హబ్‌లో దొరికిందని అర్థం. ఫెస్ట్ పోస్టర్‌కి ఇన్‌స్పిరేషన్ అంటే పింటరెస్ట్. షార్ట్ ఫిల్మ్‌కి ఇన్‌స్పిరేషన్ అంటే ఏ కొరియన్ సినిమానో. దీన్ని తప్పు పట్టేవాళ్ళు ‘కాపీ కొట్టకండి, సొంతంగా ఆలోచించండి’ అంటారు. నాకు ఆ సలహా కూడా సగమే అనిపిస్తుంది. శూన్యంలోంచి ఎవరికీ ఐడియా రాదు. బయటికెళ్ళి చూడాల్సిందే. చూసినదాంట్లోంచి ఏం తీసుకుంటున్నామన్నదే అసలు సంగతి.

ఆ తేడా కళ్ళారా చూడాలంటే ఏడాదికి రెండుసార్లు మనకి దగ్గర్లోనే ఒక అవకాశం ఉంది. బెంగళూరు లాల్‌బాగ్ ఫ్లవర్ షో. హిందూపురంలో రైలెక్కితే రెండున్నర గంటల ప్రయాణం. రిపబ్లిక్ డేకి ఒకటి, ఇండిపెండెన్స్ డేకి ఒకటి. కర్ణాటక ఉద్యానశాఖ, మైసూరు హార్టికల్చరల్ సొసైటీ కలిసి నడుపుతాయి. ఇప్పటికి రెండువందలకు పైగా షోలు జరిగాయి. ఆ తోటకి 1760లో హైదర్ అలీ పునాది వేస్తే, టిప్పు సుల్తాన్ పెంచాడు. కాబట్టి అక్కడ పూలు ఎంత తాజావో చోటు అంత పాతది.

అక్కడికెళ్ళి మనం చేసేదేమిటి? క్యూలో నిలబడతాం. గ్లాస్‌హౌస్ మధ్యలో లక్షల పూలతో కట్టిన బొమ్మ ముందు సెల్ఫీ దిగుతాం. 2022 ఆగస్టులో రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌ల పేరు మీద షో పెట్టినప్పుడైతే జనం ఇసకేస్తే రాలనంతగా వచ్చారు. తర్వాత బోన్సాయ్ పోటీలు, ఇకెబానా, కూరగాయలతో చెక్కిన బొమ్మలు చూసి, నర్సరీ స్టాల్‌లో ఒక కుండీ కొనుక్కుని, కడ్లెకాయలు తింటూ తిరిగొస్తాం. ఇందులో తప్పేం లేదు. పూలు చూడ్డానికే కదా ఫ్లవర్ షో. కానీ ఇంజనీరింగ్ చదివేవాళ్ళం కాబట్టి మనకి ఇంకో పని కూడా ఉంది. ఆ షోలో అన్నిటికన్నా పాత ఎగ్జిబిట్ మన నెత్తిమీదే ఉంటుంది. దానికి లేబులు ఉండదు. దానితో ఎవరూ సెల్ఫీ దిగరు.

ఆ గ్లాస్‌హౌస్‌కి 1889లో శంకుస్థాపన జరిగింది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌ని నమూనాగా తీసుకుని కట్టారు. పోత ఇనుము భాగాలు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, మెక్‌ఫర్లేన్ వాళ్ళ సారసెన్ ఫౌండ్రీలో తయారై ఓడ మీద వచ్చాయి. ఇవాళ మనం ‘ప్రీఫ్యాబ్’ అని గొప్పగా చెప్పుకునే పద్ధతి ఇదే. అయితే ఈ కప్పు కథ గ్లాస్గోలో మొదలవలేదు. ఒక చెరువులో, ఒక ఆకు కింద మొదలైంది.

1850లో లండన్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టాలనుకున్నారు. భవనం డిజైన్ కోసం పోటీ పెడితే 245 ఎంట్రీలు వచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు. చివరికి కమిటీ వాళ్ళే ఒక డిజైన్ గీశారు. దానికి కోటికి పైగా ఇటుకలు కావాలి, టైమేమో లేదు. అప్పుడు ముందుకొచ్చినవాడు జోసెఫ్ పాక్స్‌టన్. డిగ్రీ లేదు, ఆర్కిటెక్టు కాదు. ఇరవై మూడేళ్ళు నిండకముందే ఒక డ్యూక్ గారి చాట్స్‌వర్త్ ఎస్టేట్‌లో పెద్ద తోటమాలిగా చేరిన మనిషి. 1850 జూన్‌లో ఒక రైల్వే కంపెనీ మీటింగ్‌లో కూర్చుని, బ్లాటింగ్ పేపర్ మీద ఆ భవనం స్కెచ్ గీశాడు. లాస్ట్ బెంచీలో నోట్‌బుక్ వెనక పేజీ నింపేవాళ్ళందరికీ ఆయనే కులదైవం అనుకోవచ్చు.

అయితే ఆ స్కెచ్ ఆ మీటింగ్‌లో పుట్టలేదు. అంతకుముందు ఏడాది ఆయన చాట్స్‌వర్త్‌లో విక్టోరియా అమెజానికా అనే పెద్ద కలువని పెంచి, ఇంగ్లండ్‌లో మొదటిసారి పూయించాడు. దాని ఆకులు పళ్ళేల్లా నీటి మీద తేలుతూ మనిషి ఎత్తు వెడల్పు పెరుగుతాయి. పాక్స్‌టన్ ఒక ఆకు మీద తన ఏడేళ్ళ కూతుర్ని నిలబెట్టి చూశాడు. ఆకు మునగలేదు. ఎందుకు మునగలేదు? ఆకుని తిరగేస్తే జవాబు కనిపిస్తుంది. మధ్యలోంచి చుట్టూ పరుచుకున్న లావుపాటి ఈనెలు, వాటిని అడ్డంగా కలుపుతూ సన్నటి ఈనెలు. పైనున్న పొర పల్చగానే ఉంటుంది. బరువు మోసేది కిందున్న ఈనెల అల్లిక. ఆ కలువ కోసమే కట్టిన అద్దాల ఇంటి కప్పులో ఆయన ఇదే సూత్రం వాడాడు. తర్వాత క్రిస్టల్ ప్యాలెస్‌కి దాన్నే పెద్దది చేశాడు. ఈ సంగతి ఆయనే ఒక ఉపన్యాసంలో ఆకు చూపించి మరీ చెప్పాడు.

పాక్స్‌టన్ ఆకు ఆకారంలో భవనం కట్టలేదు, గమనించండి. మనమైతే అదే చేసేవాళ్ళం. లోటస్ ఆకారంలో బిల్డింగ్, వీణ ఆకారంలో గేటు, పుస్తకం ఆకారంలో లైబ్రరీ. చూడగానే ‘ఓహో, దీన్నుంచి ఇన్‌స్పైర్ అయ్యారు’ అని తెలిసిపోవాలి మనకి. ఆయన ఆకారాన్ని చెరువులోనే వదిలేసి, బరువు ఎటు నడుస్తోందో అది మాత్రం పట్టుకొచ్చాడు. నా దృష్టిలో స్ఫూర్తికీ నకలుకీ తేడా అదే. నకలు తీసేవాడు పైనుంచి ఫొటో తీస్తాడు. స్ఫూర్తి పొందేవాడు ఆకు తిరగేసి చూస్తాడు.

ఆకు ఒక్కటే చాలలేదు కూడా. అప్పట్లో మామూలుగా తయారుచేయగలిగిన అద్దం పలక పొడవు 49 అంగుళాలు, వెడల్పు 10. ‘పెద్ద అద్దం దొరికితే బాగుండు’ అని పాక్స్‌టన్ కూర్చోలేదు. ఆ పలక కొలతని బట్టే కప్పు, గట్టర్లు, దూలాలు లెక్క కట్టాడు. స్తంభాల అమరిక మొత్తం 24 అడుగుల గళ్ళలో సాగింది. గట్టర్ల గాళ్ళు బయటి వాననీళ్ళతోపాటు లోపల అద్దం మీద పట్టే తేమని కూడా పట్టుకుని కిందికి పంపేవి. స్తంభాలు బోలుగా పోసి వాటినే డ్రెయిన్ పైపులుగా వాడారు. గట్టర్ల మీద దొర్లే ట్రాలీల్లో కూర్చుని 80 మంది ఒక్క వారంలో 18 వేలకు పైగా అద్దాలు బిగించారు. 1850 సెప్టెంబరులో మొదటి స్తంభం లేచింది. 1851 మే 1న విక్టోరియా రాణి వచ్చి ప్రదర్శన ప్రారంభించింది. భవనం పొడవు దాదాపు 560 మీటర్లు, అద్దాలు మూడు లక్షల దాకా.

ఆ ప్రదర్శనలో మన వస్తువు కూడా ఒకటుంది, కోహినూర్. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం. జనం దాన్ని చూడ్డానికి ఎగబడ్డారు, చూశాక పెదవి విరిచారు. అనుకున్నంత మెరవలేదట. మరుసటి ఏడాది దాన్ని మళ్ళీ సాన పట్టించారు. ఇంజనీర్లకి మిగిలింది మాత్రం ఆ వజ్రం కాదు, దాని మీదున్న కప్పు. మనం పూలబొమ్మ దగ్గర తోసుకుంటున్నప్పుడు సరిగ్గా ఇదే జరుగుతోంది.

ఇక బెంగళూరుకి వద్దాం. ఇంగ్లండ్‌లో అద్దాల ఇల్లు కట్టేది మొక్కల్ని చలి నుంచి కాపాడటానికి. బెంగళూరులో ఆ అవసరం లేదు. ఇక్కడ దాన్ని పూల ప్రదర్శనలకి వేదికగా మార్చుకున్నారు. అంటే నమూనా వచ్చింది కానీ అవసరం మనది. 1935లో తూర్పు వైపు పొడిగించాల్సి వచ్చినప్పుడు మళ్ళీ గ్లాస్గోకి ఆర్డరివ్వలేదు. భద్రావతిలోని మైసూరు ఐరన్ వర్క్స్ లోహం వాడారు. ఇంజనీర్స్ డే నాడు మనం దండ వేసి మర్చిపోయే విశ్వేశ్వరయ్య గారు కష్టపడి నిలబెట్టిన కర్మాగారం అది. దిగుమతి చేసుకున్న కప్పుకి సొంత ఇనుముతో కొనసాగింపు. స్ఫూర్తి చివరికి అక్కడికి చేరాలి. లేకపోతే నలభై ఏళ్ళయినా మనం ఆర్డర్లు పెడుతూనే ఉంటాం.

ఇప్పుడు మన సంగతి. ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం ఒక టీమ్ చేసే ప్రాజెక్ట్ ‘ఆర్డూయినోతో ఆటోమేటిక్ ప్లాంట్ వాటరింగ్’. సాయిల్ మాయిశ్చర్ సెన్సర్, రిలే, చిన్న పంపు. అమీర్‌పేటలో రిపోర్టుతో సహా దొరుకుతుంది. డెమో రోజు ఎండుమట్టిలో గుచ్చితే పంపు ఆన్, నీళ్ళగ్లాసులో ముంచితే ఆఫ్. చప్పట్లు. ఆ చౌక సెన్సర్‌లో నిరంతరం కరెంటు పారుతుంటే తడిమట్టిలో దాని కడ్డీలు కొన్నాళ్ళకే తినేసి రీడింగ్ తప్పు చూపిస్తుంది. బంకమట్టికి, ఎర్రమట్టికి ఒకే లెక్క పనికిరాదు. కుండీ పైన పొడిగా ఉన్నా అడుగున తడి ఉండొచ్చు. ఇవి రిపోర్టులో ఉండవు, ఎందుకంటే ఆ ప్రాజెక్ట్ చేసినవాళ్ళలో చాలామంది మొక్కకి నీళ్ళు పోసి ఎరగరు.

లాల్‌బాగ్ షోలో ఒక నర్సరీ స్టాల్ దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి. అక్కడి మనిషి కుండీలో వేలు రెండు కణుపుల దాకా గుచ్చుతాడు. కుండీ ఎత్తి బరువు చూస్తాడు. మన సెన్సర్‌కి లేని రెండు రీడింగులు అవి, ఒకటి లోతు, ఇంకొకటి బరువు. కుండీ కింద లోడ్ సెల్ పెట్టి బరువుని బట్టి నీళ్ళు వదిలే ప్రాజెక్ట్ ఎవరైనా చేస్తే నేను మొదటి బెంచీలో కూర్చుని చూస్తా.

‘సీఎస్‌ఈ వాళ్ళకి ఈ ఇనుప స్తంభాల గోలెందుకు’ అని మా రూమ్‌మేట్ అడిగాడు. ఒకే గడి కొలతతో వేల భాగాలు చేసి, ఎక్కడిదక్కడ బిగించి, విప్పి ఇంకోచోట పెట్టగలగడాన్ని మీరు మాడ్యులారిటీ అనే కదా అంటారు? క్రిస్టల్ ప్యాలెస్‌ని నిజంగానే విప్పి సిడెన్‌హామ్‌కి తరలించి 1854లో మళ్ళీ తెరిచారు. కోడ్ రీయూజ్ గురించి ఇంతకన్నా మంచి పాఠం మన సిలబస్‌లో నాకు కనపడలేదు.

‘అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా’ అనేది ఇంకో మాట. ఉన్నాయి. కానీ వీడియోలో కెమెరా ఎటు తిప్పితే అటే చూడగలం. తీసినవాడికి రాని ప్రశ్న మనకి రావాలంటే మనమే వెళ్ళి మెడ తిప్పాలి.

వెళ్ళేవాళ్ళకి నా సలహాలు కొన్ని. శని, ఆదివారాలు వద్దు, తోపులాటలో మెడ ఎత్తే చోటు కూడా దొరకదు. పొద్దున్నే వెళ్ళండి. అన్నీ చూడాలని పరిగెత్తొద్దు, ఏదో ఒక్కటి పట్టుకుని అరగంట కూర్చోండి. అది కప్పు కావచ్చు, బోన్సాయ్‌కి చుట్టిన తీగ కావచ్చు, హెచ్‌ఎంటీ వాళ్ళిచ్చిన పూల గడియారం కావచ్చు. ఫొటో తీసే ముందు పెన్సిల్‌తో గీయండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫర్వాలేదు. గీస్తున్నప్పుడే ‘ఈ దూలం ఇక్కడితో ఎందుకు ఆగింది, వాననీళ్ళు ఎటు పోతాయి’ అనే ప్రశ్నలొస్తాయి. స్టాల్ వాళ్ళతో మాట్లాడండి. కన్నడం రాకపోయినా బెంగళూరులో తెలుగు చాలాచోట్ల నడుస్తుంది.

ఇంకో కోరిక రివ్యూలు చేసే మాస్టార్లకి. ప్రాజెక్ట్ రిపోర్టులో ‘ఇన్‌స్పిరేషన్’ అని ఒక పేరా రాయించండి. అందులో లింకు ఇస్తే సరిపోదని చెప్పండి. ఏం చూశాం, అందులోంచి ఏం తీసుకున్నాం, ఏం వదిలేశాం, ఈ మూడూ రాయాలి. మూడోది రాయలేకపోతే అది నకలే.

ఆగస్టు షోకి క్లబ్ తరఫున వెళ్దామని ఉంది. వచ్చేవాళ్ళు తెల్ల కాగితాలు, పెన్సిల్, మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి. సెల్ఫీలకి ఆఖరి పావుగంట కేటాయించాం.