రాత్రి దవాఖానకు లెక్క అడిగేదెవరు?

రోగం గడియారం చూసుకొని రాదు. పురిటి నొప్పులు, పాముకాటు, గుండెపోటు ఆఫీసు వేళల కోసం ఆగవు. పగలు పదిగంటలకు ఓపీలో ఎందరు డాక్టర్లున్నారన్నది కాదు ప్రశ్న. అర్ధరాత్రి రెండింటికి దవాఖాన గేటు ముందు ఆటో దిగిన మనిషికి ఏం దొరుకుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను గాలికి వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. 2004లో వచ్చిన కొత్త ఒప్పందంతో అక్కడి కుటుంబ డాక్టర్లకు రాత్రుళ్లు, సెలవు రోజుల బాధ్యత వదులుకునే వీలు దొరికింది. ఆ పని చాలాచోట్ల కంపెనీల చేతికి పోయింది. 2008 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్‌షైర్‌లో నొప్పితో బాధపడుతున్న 70 ఏళ్ల రోగి ఇంటికి అలాంటి కంపెనీ ఒకటి డాక్టర్‌ను పంపింది. జర్మనీ నుంచి వచ్చిన ఆయనకు ఆ దేశంలో అదే తొలి డ్యూటీ. డయామార్ఫిన్ 100 మిల్లీగ్రాములు ఎక్కించాడు. ఇవ్వాల్సిన దానికి అది పది రెట్లు. రోగి ప్రాణం పోయింది. ఆ మందు మోతాదు మించిన ఘటనలు ముందే జరిగినా కంపెనీ హెచ్చరికలను పట్టించుకోలేదని 2010లో తనిఖీ సంస్థ తేల్చింది. డాక్టర్ రావడం ఒక్కటే చాలదు. వచ్చిన డాక్టర్ ఎవరు, ఆయన చేతిలోని మందు భద్రమేనా అన్నది కూడా చూడాలి.

కార్న్‌వాల్‌లో కథ మరోటి. అక్కడ రాత్రి వైద్యం సెర్కో అనే కంపెనీది. 2012 జనవరి నుంచి జూన్ వరకు ఆరు నెలల్లో పనితీరు రికార్డులను 252 సార్లు మార్చారని జాతీయ ఆడిట్ కార్యాలయం 2013 మార్చిలో బయటపెట్టింది. గుట్టు విప్పింది లోపలి ఉద్యోగులే. లెక్క రాసేదీ కంపెనీయే, ఆ లెక్కతో మార్కులు వేయించుకునేదీ కంపెనీయే! దొంగ చేతికే తాళంచెవి ఇచ్చినట్టు. 2013 చివరికి కంపెనీ గడువుకు ముందే తప్పుకోవడానికి ఒప్పుకుంది.

ఇక మన సంగతి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కాదనేవారెవరూ లేరు. కానీ ఆ సంస్థను పెట్టిన సత్యం రామలింగరాజు 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకున్నాక, ప్రజల ప్రాణాలకు దిక్కైన సేవే దిక్కు వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఏడాది జీవీకే చేతికి వెళ్లింది. ప్రజాసేవను ఒక పెద్దమనిషి దయకు వదిలేస్తే వచ్చే ముప్పు అది.

బండి వచ్చినంత మాత్రాన మనిషి బతకడు. బండి దింపిన చోట ఏముందన్నది ముఖ్యం. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఎంపిక చేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను 24 గంటలూ నడపాలంది, ముగ్గురేసి నర్సులుండాలంది. బోర్డు మీద 24 గంటలని రాస్తే సరిపోతుందా? ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగకపోతే బాలింత ప్రాణం రెండు గంటల్లో పోవచ్చు. ఆ రెండు గంటల్లో 'పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి' అన్నమాట రెండుసార్లు విన్నామంటే, ఇక చెప్పేదేముంది?

రాత్రి సేవకు మార్కులు వేయాలంటే ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎన్ని బండ్లు తిరిగాయన్న లెక్క చాలదు. ఫోన్ చేసిన ఎంతసేపటికి రోగికి డాక్టర్ చెయ్యి తగిలింది? డ్యూటీ పట్టికలో పేరున్న డాక్టర్ నిజంగా ఉన్నాడా? ఆక్సిజన్, రక్తం, పాముకాటు మందు ఉన్నాయా? ఎందరిని పైకి పంపారు, వారిలో ఎందరు బతికారు? దారిలో పోయిన ప్రతి ప్రాణం మీద విచారణ జరిగిందా?

ఈ లెక్క తీసేది సేవ నడిపే సంస్థ కాకూడదు. నెలనెలా ప్రతి దవాఖాన గోడమీద అంటించాలి. తప్పును బయటపెట్టిన నర్సుకు, డ్రైవర్‌కు మెమో కాదు, రక్షణ ఇవ్వాలి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ మండల దవాఖాన రాత్రి డ్యూటీ రిజిస్టర్ నకలు అడగండి. ఒక్క దరఖాస్తే. పగటి ప్రారంభోత్సవాల ఫొటోలు చెప్పని నిజం ఆ కాగితం చెబుతుంది.